దొరికింది

నలభై డిగ్రీల ఎండలో, కిటికీలన్నీ మూసిన గదిలో, తలకి ఉన్ని మఫ్లర్ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని కూర్చున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఆ వేసవిలో క్రాన్‌బర్న్‌లో మా ఇంటికి రావలసింది. ఆ మనిషిని నేనే. పాప పుట్టి ఇంకా నెల కాలేదు. పురుడు పోయడానికి అనకాపల్లి నుంచి మా అమ్మ వచ్చింది. మెల్‌బోర్న్ ఎండతో, వడగాలితో ఆవిడకి పనిలేదు. బాలింతకి గాలి తగలకూడదు, అంతే.

"ఇక్కడి గాలి వేడిగా ఉంటుందమ్మా" అంటే, "గాలి గాలే. చెవిలోకి వెళ్తే ఇప్పుడు కాదు, ముసలితనంలో తెలుస్తాది" అనేది.

అమ్మ రిటైరయ్యేదాకా జిల్లా పరిషత్తు హైస్కూల్లో తెలుగు టీచరు. క్లాసులో గ్రాంథికం, బడి గేటు దాటితే అచ్చమైన అనకాపల్లి. నాన్న మా చిన్నతనంలోనే పోయారు. అమ్మకి మేమిద్దరమే, నేనూ చెల్లీ. నేను చదువుకని మెల్‌బోర్న్‌లోని క్లేటన్‌కి వచ్చాను. అద్దె ఇంట్లో పది మందిమి ఒక వంటింటి కోసం కొట్టుకునే రోజుల్లో పక్క గదిలో ఉండే కరీంనగర్ అబ్బాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయాను. చెల్లి వైమానిక దళంలో చేరింది. అది యుద్ధ విమానాలు నడుపుతుందని మా వీధిలో చెప్పుకునేవారు గానీ, అది నడిపేది స్కూటీ ఒక్కటే. సరిహద్దు కొండల మీద ఉండే సైనికులకి బియ్యం, పప్పు, కిరసనాయిలు, ఉల్లిపాయలు విమానాల్లో పంపే విభాగంలో అధికారి. "యూనిఫాం వేసుకున్న కిరాణా కొట్టు" అని నేను ఏడిపించేదాన్ని. "మా బావ సర్దే ఐస్‌క్రీం డబ్బాల కంటే నా కొట్టు పెద్దదేలే" అని అది తిప్పికొట్టేది. నిజమే, మా ఆయన డాండెనాంగ్ వైపు ఒక కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు.

చివరిసారి వీడియో కాల్ చేసినప్పుడు చెల్లి నన్ను చూసి పడీ పడీ నవ్వింది. సరుకుల విమానంలో చప్పుడు భరించలేక వాళ్ళూ చెవుల్లో దూది పెట్టుకుంటారట. పక్కన వల సీట్లలో కోటు వేసుకుని, మఫ్లర్ చుట్టుకుని, బియ్యం బస్తాల ఎదురుగా కూర్చుంటారట.

"అచ్చం మా ప్లేన్ ఎక్కినట్టే ఉన్నావే. బెల్ట్ పెట్టుకో" అంది.

పాపని చూపించమంది. నిద్రపోతోందంటే, లేపమంది. నేను లేపలేదు. పసిపిల్లని పడుకోబెట్టడం ఎంత కష్టమో నీకేం తెలుసు అని కసిరాను. "సరేలే, లేచాక చెయ్యి. రేపు పైకి వెళ్తన్నాను, అక్కడ సిగ్నల్ ఉండదు, బేగి చెయ్యి" అంది. పైకి అంటే కొండ మీది స్థావరానికి. అక్కడి గోదాము చూసి రావడానికి దాన్ని పంపుతున్నారు. పాప లేచాక చేశాను, కాసేపు మాట్లాడుకున్నాం. అంతే.

మర్నాడో ఆ మర్నాడో, మధ్యాహ్నం పూట, మామయ్య ఫోన్ చేశాడు. మామయ్య అంటే అమ్మ తమ్ముడు, అనకాపల్లిలోనే ఉంటాడు. అమ్మ ఇండియా నంబరు ఇక్కడ పనిచేయదు కాబట్టి, చెల్లి ఆఫీసువాళ్ళు రెండో నంబరుగా ఉన్న మామయ్యకి చెప్పారు. ఆయన నా ఫోనుకి చేస్తే మా ఆయన ఎత్తాడు. ఎత్తి, విని, ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని గదిలోకి వచ్చి, నాకూ అమ్మకీ వినబడేలా చెప్పేశాడు. "చెల్లె పోయే ప్లేను కనవడ్తలేదంట."

అమ్మ పాపకి నూనె రాస్తోంది. చెయ్యి ఆగలేదు. పాప కాళ్ళు రెండూ కలిపి ఒకసారి సాగదీసి, గుడ్డ చుట్టి, నా ఒళ్ళో పెట్టింది. అప్పుడు మా ఆయనవైపు తిరిగింది. అల్లుణ్ణి ఎప్పుడూ పల్లెత్తు మాట అనని మనిషి.

"బాలింతకి చెప్తారేటి బాబూ ఇలాంటిది? పెద్దవాళ్ళెవరూ నేర్పలేదా?"

ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి దించాడు. నేను ఏడుపు మొదలెట్టగానే అమ్మ నా గడ్డం పట్టుకుని తలెత్తింది. "కనబడలేదన్నారంతే. కనబడతాది. నువ్వు ఏడిస్తే పాలు ఇంకిపోతాయి. ఇదిగో, నీ ఒళ్ళో ఉన్న ఈ గుంట ఏం చేసింది నిన్ను? పురిటింట్లో ఏడుపు వినిపించకూడదు. నువ్వే కాదు, ఈ ఇంట్లో ఎవరమూ ఏడవకూడదు."

ఆ మాట మీద నాకు ఒళ్ళు మండింది. కన్నకూతురు కనబడకపోతే ఒక్క చుక్క రాల్చని ఈవిడ ఎలాంటి తల్లి అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు అన్నిటి మీదా కోపమే. ఎండ మీద, గొంతు చించుకునే పక్కింటి కుక్క మీద, నోరు జారిన మొగుడి మీద. కోపంగా ఉన్నంతసేపూ భయం కాస్త దూరంగా ఉండేది.

అమ్మ ఆ రోజే ఇంటి పెత్తనం అంతా చేతిలోకి తీసుకుంది. బాలింత ఫోన్ చూస్తే కళ్ళు పోతాయని నా ఫోన్ పట్టుకెళ్ళి వంటింట్లో పెట్టుకుంది. టీవీ ప్లగ్గు పీకేసింది. మా కాలనీలో ఉండే తెలుగు ఆంటీలు పరామర్శకి వస్తామంటే "పురిటిల్లు, రావద్దమ్మా" అని ఆపేసింది. ఏ కబురైనా మామయ్య చెప్పాలి, అమ్మ వినాలి, అమ్మ నాకు చెప్పాలి. పెద్ద చదువు చదివినదాన్ని, ఆఫీసులో నా కింద మనుషులున్నదాన్ని, ఈ పెత్తనానికి ఎలా లొంగానని ఎవరైనా అడగొచ్చు. నిజం చెప్పాలంటే నాకూ అదే కావాలి. ఫోన్ నా చేతిలో ఉంటే నిమిషానికోసారి చూసి చచ్చేదాన్ని.

మామయ్య దగ్గర్నుంచి రోజూ ఒకటే కబురు. మబ్బులు విడవలేదు. హెలికాప్టర్లు లేచి వెనక్కి వస్తున్నాయి. అక్కడ మంచు పడుతూనే ఉంది. ఇక్కడ నిప్పు రాజేయకూడదని ప్రభుత్వం హెచ్చరికలు పెట్టిన ఎండలు. లాన్ అంతా ఎండి కొబ్బరిపీచులా అయింది. ఆ వేడిలో కూర్చుని మంచుని ఊహించుకోవడం నాకు చేతకాలేదు. అందుకే ఒక సాయంత్రం మా ఆయన పనినుంచి రాగానే అడిగాను.

"మీ ఫ్రీజర్ గదిలో మనిషి ఎంతసేపు ఉండగలడు?"

ఆయన బూట్లు విప్పుతున్నవాడు ఆగాడు. కోల్డ్ స్టోరేజీలో కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది ఆయనే. ఎంతసేపటికి బయటకు రావాలి, ముందు వేళ్ళు ఎలా మొద్దుబారతాయి, తర్వాత మనిషి ఎందుకు తికమక మాటలు మాట్లాడతాడు, అన్నీ తెలుసు.

"మంచి కోటుంటే ఏం గాదు" అన్నాడు.

"దానికి కోటుంది. మఫ్లర్ కూడా ఉంది."

"ఇగ ఏమున్నది మరి. ఏం గాదు."

ఆయన అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకీ తెలుసు.

అమ్మ ఎంత కట్టడి చేసినా నా పాలు ఇంకిపోయాయి. ముద్ద గొంతు దిగేది కాదు. వెల్లుల్లి కారం, కంది పచ్చడి, నెయ్యి, అన్నీ కలిపి అమ్మ చేత్తో పెట్టినా కక్కేసేదాన్ని. పాప రొమ్ము పట్టుకుని లాగి లాగి, ఏమీ రాక, ఎర్రబడి ఏడ్చేది. ఇక్కడి మునిసిపల్ కౌన్సిల్ నుంచి తల్లీపిల్లల నర్సు ఇంటికి వచ్చి పాపని తూకం వేసింది. పెద్దావిడ, పొట్టి జుట్టు, గట్టి గొంతు. అంకె చూసి పెదవి విరిచింది. పుట్టినప్పటి బరువుకి కూడా ఇంకా రాలేదంది. డబ్బా పాలు మొదలుపెడితే తప్పేం లేదని నెమ్మదిగా చెప్పింది. నేను విషయం చెప్పాను, చెల్లి విమానం సంగతి. ఆవిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది. వచ్చే వారం మళ్ళీ వస్తానంది.

ఆవిడ వెళ్ళాక అమ్మ ఖాళీగా ఉన్న ఉయ్యాల తొట్టిని కాసేపు ఊపింది. "ఇద్దర్నీ పోగొట్టుకోలేనమ్మా" అంది, నాతో కాదు, తొట్టితో.

ఆ మర్నాడు, పొద్దున్న, వంటింట్లో ఫోన్ మోగింది. అమ్మ ఎత్తి, తలుపు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. అంత ఎండలో చెప్పుల్లేకుండా వెళ్ళింది. నేను మంచం మీంచి దోమతెర తలుపులోంచి చూస్తున్నాను. గొడుగులా తీగలు విచ్చుకుని ఉండే బట్టలారేసే స్తంభం దగ్గర, తడి దుప్పట్ల మధ్య నిలబడి విన్నది. అమ్మ మాట్లాడింది తక్కువ. ఫోన్ పెట్టేశాక కూడా అక్కడే ఉంది. దుప్పట్లు అడ్డుగా ఉండి ఆవిడ పాదాలు మాత్రం కనబడుతున్నాయి. కాళ్ళు కాలవా ఈవిడకి అనుకున్నాను.

లోపలికి వచ్చి మొహం కడుక్కుంది. నా గది గుమ్మంలో నిలబడింది.

"దొరికిందే" అంది.

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. "దొరికిందా?"

"ఊఁ. దొరికింది. హెలికాప్టర్లోంచి చూసేరట."

"ఎక్కడ?"

"కొండ వాలులో. మంచులో."

నేను పాపని పట్టుకుని లేచి నిలబడ్డాను. "ఏమైనా విరిగిందా అమ్మా?"

అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "విరిగిందట."

"విరిగితే విరిగిందిలే. కట్టు కడతారు. మాట్లాడేరా మరి, ఫోన్లో?"

"అక్కడ సిగ్నల్ లేదు కదే."

"ఎప్పుడు తెస్తారట?"

"ఇంకా దింపలేదు. మంచు తగ్గాలట. నడిచి వెళ్ళాలట కొందరు. అవన్నీ మామయ్య చూసుకుంటాడు. నువ్వు ముందు తినాలి. సొర తెప్పించేను నిన్న, పిట్టు చేస్తాను."

నేను ఏడ్చాను. అమ్మ ఆ రోజు నన్ను ఆపలేదు. నా తల తన పొట్టకి ఆనించుకుని, మఫ్లర్ మీదనుంచే నిమిరింది. తర్వాత స్నానాల గదిలోకి వెళ్ళి తలస్నానం చేసి వచ్చింది. ఉక్కగా ఉందంది.

సొర పిట్టు గురించి చెప్పాలి. మా వైపు బాలింతకి పాలు పడాలంటే సొర చేప పెట్టాల్సిందే. ఇక్కడ సొర ఎక్కడ దొరుకుతుందని అమ్మ వచ్చిన రోజునుంచీ బెంగ. ఇక్కడివాళ్ళు చేపా చిప్సు కొట్లలో "ఫ్లేక్" అని కాగితంలో చుట్టుకుని తినేది సొరేనని మా ఆయన ఎక్కడో తెలుసుకుని వచ్చి చెప్పాడు. అమ్మ నమ్మలేదు. మార్కెట్ నుంచి పచ్చిది తెచ్చి చూపించాక, వేలితో నొక్కి, వాసన చూసి, "ఔను, ఇది సొరే. ఇన్నాళ్ళూ ఇంగ్లీషు పేరు పెట్టుకుని తిరుగుతోంది" అంది. ఉడికించి, తోలు తీసి, చిదిమి, నీరు పిండి, వెల్లుల్లి, అల్లం, కాస్త మిరియాల పొడితో వేయించింది. ఇల్లంతా వాసన.

ఆ రోజు నేను తిన్నట్టు నా జన్మలో తినలేదు. వేడన్నంలో పిట్టు కలుపుకుని, నెయ్యి వేసుకుని, కంచం మళ్ళీ నింపించుకున్నాను. తింటూనే వాగాను. అది ఇంటికి వచ్చాక ఏం తిట్టాలో, విరిగింది కాలే అయ్యుంటుంది, ఆ కట్టుతో స్కూటీ ఎలా నడుపుతుందో, కిరాణా కొట్టుకి సెలవు ఎవరిస్తారో. మంచులో బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఎలా బతికి ఉంటుందో నేనే కథ అల్లాను. బస్తాలు చలిని ఆపి ఉంటాయన్నాను. కిరసనాయిలు ఉంది కదా, మంట పెట్టుకుని ఉంటారన్నాను. పచ్చి ఉల్లిపాయలు తిని ఉంటారు, ఇంక జన్మలో ఉల్లిపాయ ముట్టదు అన్నాను.

అమ్మ ఎదురుగా కూర్చుని వింటోంది. "ఇంకొంచెం వేసుకో" అంది.

"నువ్వు కూడా తినమ్మా. ఇన్నాళ్ళూ నువ్వూ తినలేదు."

కంచం తెచ్చుకుంది. నాతో పాటు తిన్నది. నేను చూస్తున్నంతసేపూ ముద్ద తర్వాత ముద్ద నోట్లో పెట్టుకుంది.

సాయంత్రానికి పాలు పడ్డాయి. నా జాకెట్టు తడిసిపోయింది. పాప గుటకలు వేస్తుంటే చప్పుడు బయటికి వినిపించింది. మా ఆయన రాగానే "దొరికిందంట" అన్నాను. ఆయన నా వెనక నిలబడ్డ అమ్మవైపు చూశాడు. "ఆఁ, దొరికిందంట. చూసిన" అన్నాడు. బ్యాగు కింద పెట్టి స్నానానికి వెళ్ళాడు. నీళ్ళు చాలాసేపు పారుతూనే ఉన్నాయి. నీటి కొరత దేశంలో ఈ దుబారా ఏంటని తలుపు కొట్టాను కూడా.

ఆ వారం అంతా నేను సుఖంగా ఉన్నాను. ఈ మాట రాయడం కష్టంగా ఉంది గానీ నిజం. తిన్నాను, నిద్రపోయాను, పాపతో ఊసులాడాను. "మీ పిన్ని మంచు మనిషి" అని చెప్పాను. ఫోన్ అడిగితే అమ్మ "ఇంకా దింపలేదు, దింపితే నేను చెప్పనా?" అనేది. అమ్మ రోజూ దుప్పట్లు ఉతికేది. శుభ్రంగా ఉన్నవి కూడా మళ్ళీ ఉతికి, పెరట్లో ఆరేసి, వాటి మధ్య నిలబడేది. నాకు చాదస్తంగా తోచింది. వంట చేస్తూ చెల్లి చిన్నప్పటి కబుర్లు చెప్పమంటే చెప్పేది. పక్కింట్లో జామకాయలు దొంగిలించి పట్టుబడ్డ సంగతి, నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని బడికి వెళ్ళిన సంగతి. చెప్తూ చెప్తూ ఆగేది. పోపు మాడిపోతోందనేది.

నర్సు మళ్ళీ వచ్చింది. పొద్దున్న పది దాటింది. హాల్లో బల్ల మీద తువ్వాలు పరిచి, త్రాసు పెట్టి, పాపని బట్టలిప్పి పడుకోబెట్టింది. అంకె చూసి ఈసారి గట్టిగా నవ్వింది. ఇంత మార్పు ఎలా వచ్చిందని అడిగింది. అమ్మ వంటింటి గట్టు దగ్గర గిన్నెలు కడుగుతోంది. నేను ఉత్సాహంగా ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

"దే ఫౌండ్..." అని ఆగాను.

తెలుగులో అయితే అక్కడితో వాక్యం అయిపోతుంది. దొరికింది. ఎవరు, ఏది అని చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు అలా ఒప్పుకోదు. ఆ చివర ఏదో ఒకటి పెట్టి తీరాలి. "హర్" అని పెట్టాను. "దే ఫౌండ్ హర్."

నర్సు రెండు చేతులూ గుండెల మీద వేసుకుంది. చాలా సంతోషమంది. ఏ ఆస్పత్రిలో ఉంది, ఎలా ఉంది అని అడిగింది.

"ఇంకా కొండ మీదే ఉంది. కాలు విరిగింది. మంచు తగ్గాక దింపుతారట" అని నాకు తెలిసింది ఇంగ్లీషులో చెప్పాను.

ఆవిడ మొహం మారిపోయింది. "ఇంకా మంచులోనేనా?" అంది. "కాలు విరిగిన మనిషిని? వారం నుంచీనా?"

వారం రోజులుగా నేను నమ్ముతున్న మాటలు ఆవిడ నోట ఇంగ్లీషులో వినేసరికి ఎంత అర్థంలేనివో నాకు తెలిసింది. దొరికిన మనిషిని మంచులో ఎవరు వదిలేస్తారు? తాడు వేసి పైకి లాగరా? దుప్పటైనా విసరరా? నేను వంటింటివైపు తిరిగాను. అమ్మ కుళాయి కట్టేసింది, మా మాటలు అర్థమై కాదు, నా గొంతు ఆగిపోయిందని.

"అమ్మా, దొరికింది ఏది?"

అమ్మ తిరగలేదు.

"అమ్మా, ఏది దొరికింది?"

"విమానం" అంది.

"మరి అది?"

"అందులోనే ఉంది. అందరూ అందులోనే ఉన్నారు."

మా చిన్నప్పుడు అమ్మ మా ఇద్దరి చేతా ఒక సూత్రం వల్లె వేయించేది. మహతీవాచకాలు ఏకవచనంలో అమహత్తులతో సమానం, బహువచనంలో మహత్తులతో సమానం. ఆడది ఒక్కతే ఉంటే రాయీ రప్పా, కొండా బండీ, వాటితో జత. నలుగురు ఆడవాళ్ళు కలిస్తేనే మనుషుల్లో లెక్క. చెల్లి ఈ సూత్రం మీద పోట్లాడేది. మగవాడైతే ఒక్కడే ఉన్నా "వచ్చాడు" అంటారు, నేను వస్తే మాత్రం బస్సు వచ్చినట్టు "వచ్చింది" అంటారా, ఇదేం వ్యాకరణం అనేది. అమ్మ నవ్వి, పరీక్షలో ఇలా రాయకు, మార్కులు పోతాయి అనేది. తమ్ముడై ఉంటే "దొరికాడు" అనకుండా అమ్మ నాకు ఆ కబురు చెప్పగలిగేది కాదు. చెల్లి కాబట్టి చెప్పగలిగింది. విరిగింది. మంచులో ఉంది. ఇంకా దింపలేదు. వారమంతా అమ్మ నాతో అన్నవన్నీ నిజాలే, విమానం గురించి.

"నేను అబద్ధమాడలేదమ్మా" అంది అమ్మ, ఇప్పుడు తిరిగి నన్ను చూస్తూ. "దొరికిందన్నాను. నువ్వు నీకు కావలసినట్టు వినుకున్నావు. వినుకోనిచ్చేను. నువ్వు తింటన్నావు."

తర్వాత జరిగినవి పొట్టిగా చెప్పేస్తాను. విమానం కొండ భుజాన్ని కొట్టుకుందట. చూసినవాళ్ళకి ఎవరూ మిగల్లేదని మొదటి రోజే తెలుసు, మామయ్యకి చెప్పారు, మామయ్య అమ్మకి చెప్పాడు. మంచులో మనుషులు నడుచుకుంటూ వెళ్ళి ఒక్కొక్కర్నీ కిందికి తేవడానికి చాలా రోజులు పట్టింది. పాపకి పాస్‌పోర్టు రాలేదు, నేను వెళ్ళలేకపోయాను. అమ్మ ఒక్కతే వెళ్ళింది. పెట్టె తెరవలేదట. మామయ్య కొరివి పెట్టాడు. ఆ వారం నా మొగుడు స్నానాల గదిలో ఎందుకంతసేపు ఉండేవాడో, అమ్మ దుప్పట్లెందుకు రోజూ ఉతికేదో, ఆ రోజు ఆ తలస్నానం ఎందుకో నాకు అప్పుడు విప్పి చెప్పనవసరం లేకపోయింది.

ఆ పొద్దున్న మాత్రం మేము ముగ్గురమే ఉన్నాం, పాప కాక. నర్సుకి తెలుగు రాదు గానీ ఆవిడకి అర్థమైంది. పాపకి బట్టలు తొడిగి, భుజాన వేసుకుని, ఒక పక్కకి జరిగి నిలబడింది. నేను కుర్చీలో కూలబడ్డాను. అమ్మని కొట్టాలనిపించింది. అమ్మని పట్టుకోవాలనిపించింది.

అమ్మ తడి చేతులు చీరకి తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చింది. ముందు త్రాసువైపు చూసింది. అంకె పోయి, దాని తెర ఖాళీగా ఉంది. నర్సుని చూసి, వచ్చీ రాని ఇంగ్లీషులో "బేబీ వెయిట్ గుడ్?" అని అడిగింది. నర్సు తలాడించింది, గుడ్, వెరీ గుడ్ అంది.

అమ్మ నా ముందు నేల మీద కూర్చుంది. నా మోకాలి మీద చెయ్యి వేసింది. క్లాసులో పిల్లలు లేచి నిలబడి టీచర్ని అనుమతి అడిగేటంత నెమ్మదిగా అడిగింది.

"మరి నీకు తెలిసిపోయింది కదమ్మా. పాలు కూడా పడ్డాయి. ఇంక నేను ఏడవొచ్చా?"

"ఏడువమ్మా" అన్నాను.